అంచు నుంచి వచ్చిన దెబ్బ

ఆర్డెల్ బాస్కమ్ చేతుల గురించి మిసిసిపీ డెల్టాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా చెప్పుకునేవారు. బంతి వాడి దాకా వచ్చిందంటే ఇక నేల మొహం చూడదనేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చేపల చెరువుల్లో పనిచేసే మగవాళ్లు చర్చి మెట్ల మీద నిలబడి, వాడు ఫలానా ఆటలో ఫలానా బంతిని ఎలా అందుకున్నాడో ఒంటి చేయి గాల్లోకి చాచి మరీ చూపించేవారు. ఆ చేతులను చూసే కాలేజీ వాళ్లు వచ్చి తీసుకుపోయారు, ఆ తర్వాత టొలీడో జట్టు తీసుకుంది. మైదానం అంచున ఒంటరిగా నిలబడాలి. బంతి కదలగానే పరుగందుకోవాలి. వెనక ఎక్కడి నుంచో విసిరిన బంతిని భుజం మీదుగా చూసి, ఒకడు మీద పడుతుండగానే అందుకోవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో రిసీవర్ పని అదే. ఆర్డెల్ ఆ పని ఏళ్ల తరబడి చేశాడు, బాగా చేశాడు.

ఆర్డెల్ పెరిగిన వీధి నుంచే ఇంకొకడు కూడా పెద్ద ఆటకు వెళ్లాడు. పేరు రూజ్‌వెల్ట్ టాలివర్, ఊరందరికీ వెల్ట్. ఆర్డెల్ బంతి పట్టేవాడైతే, వెల్ట్ బంతి పట్టినవాడిని పడగొట్టేవాడు. అతను మెంఫిస్ జట్టుకు ఆడేవాడు. ఆర్డెల్‌కు ఊహ తెలియకముందే తల్లి పోయింది. నాయనమ్మ పెంచిందన్న మాటే గాని, తిండి మాత్రం ఎక్కువగా వెల్ట్ తల్లి మిస్ వెర్లీన్ వంటింట్లోనే తిన్నాడు. "నాకు ఇద్దరు కొడుకులమ్మా. ఒకడు కడుపున పుట్టాడు, ఒకడు వాసన పట్టుకుని వచ్చాడు" అనేది ఆవిడ.

ముప్పై దాటాక ఆర్డెల్ కాళ్లలో ఏదో తగ్గింది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అది తెలియలేదు. పక్కన పరుగెత్తే ఎదుటి జట్టువాళ్లకు ముందు తెలిసింది. ఒకప్పుడు అతని వీపు మాత్రమే చూసినవాళ్లు ఇప్పుడు భుజం తగిలేంత దగ్గరగా వస్తున్నారు. ఆ వేసవి శిక్షణ శిబిరంలో రిసీవర్ల కోచ్ హాచర్ అతన్ని పక్కకు పిలిచాడు.

"పట్టేవాళ్లు నాకు కావలసినంతమంది ఉన్నారు, బాస్కమ్. పట్టనప్పుడు నువ్వేం చేస్తావో అది చెప్పు."

"అంటే?"

"అంటే బంతి ఇంకొకడి చేతిలో ఉన్నప్పుడు నువ్వు పెళ్లికొచ్చిన చుట్టంలా నిలబడుతున్నావు. కొట్టు. ఎవడో ఒకడిని కొట్టు. కొట్టడం వస్తే ఉంటావు. రాదంటావా, చలికాలం వచ్చేసరికి నీ లాకరు మీద ఇంకొకడి పేరుంటుంది."

ఆర్డెల్ కొట్టడం నేర్చుకున్నాడు. బంతి పట్టుకున్న తమవాడు ఒక పక్కకు పరుగెడుతుంటే ఎదుటి జట్టువాడు అతని వెంట పడతాడు. వాడి కళ్లు పరుగెత్తేవాడి మీదే ఉంటాయి. సరిగ్గా అప్పుడు రిసీవరు అంచు నుంచి లోపలికి తిరిగి వచ్చి, వాడు చూడని వైపు నుంచి గుద్దాలి. ఆ రోజుల్లో అందుకు ఏ నియమమూ అడ్డం రాలేదు. నెల తిరిగేసరికి ఆర్డెల్‌కు ఆ విద్య పట్టుబడింది.

"ఈమధ్య నువ్వు బంతి గురించి మాట్లాడటమే మానేశావు" అంది భార్య రెనీటా ఒకసారి, అతని భుజానికి ఐసు కడుతూ. అతను నవ్వేశాడు.

అక్టోబరులో మెంఫిస్ జట్టు టొలీడో వచ్చింది. ఆటకు ముందు అందరూ ఒళ్లు వేడెక్కించుకుంటుంటే వెల్ట్ మైదానానికి అడ్డంగా నడిచి వచ్చాడు.

"ఏరా, నీ మోకాళ్ల చప్పుడు మా హోటల్ దాకా వినిపిస్తోంది!"

"నీ పొట్ట ముందొచ్చింది, నువ్వు ఇప్పుడొచ్చావు. ఇద్దరికీ విడివిడిగా టికెట్ కొన్నారా?"

"నవ్వు, నవ్వు. అమ్మ పీకాన్ పప్పుల తీపి రొట్టె చేసి పంపింది. నువ్వే తినాలంట, ఎవడికీ పెట్టకూడదంట. ఆట అయ్యాక బస్సు దగ్గరికి రా."

ఇద్దరూ ఒకరి వీపు ఒకరు చరుచుకుని ఎవరి పక్కకు వాళ్లు వెళ్లిపోయారు.

ఆట మూడో భాగంలో జరిగింది అది. బంతి లియోటిస్ క్రమ్ చేతికిచ్చారు. లియోటిస్ ఆ ఏడే టొలీడో జట్టులోకి వచ్చాడు, లేడికి లేచిందే పరుగన్నట్టుండేవాడు. అతను కుడివైపు విరుచుకుపడ్డాడు. ఆర్డెల్ కుడి అంచు నుంచి లోపలికి తిరిగాడు. ఎదురుగా లియోటిస్ మీదే చూపు నిలిపి, దూసుకొస్తున్నాడొకడు. మెంఫిస్ వాళ్ల నీలం చొక్కా. ఆ నడుము ఊపు, ఆ పరుగు ఆర్డెల్‌కు పదేళ్ల వయసు నుంచీ తెలుసు. చూసుకోవడానికి సమయం లేదని తర్వాత చాలామందితో అన్నాడు. సమయం ఉంది. కొంచెమే, కానీ ఉంది.

గుద్దాడు.

మైదానం దద్దరిల్లిపోయింది. లియోటిస్ చివరి గీత దాటి అవతలికి వెళ్లిపోయాడు. ఆర్డెల్ లేచి పిడికిలి పైకెత్తాడు. ఎత్తిన తర్వాత వెనక్కి తిరిగి చూశాడు. వెల్ట్ పడినవాడు పడినట్టే ఉన్నాడు. ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయి ఉంటే దాన్ని బయటికి తీసుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. మెడ కదలకుండా కట్టి బల్ల మీదకెత్తారు. అంతమంది జనం ఉన్నా బల్ల చక్రాల కిర్రు వినిపించింది.

ఆట ముగిశాక మెంఫిస్ జట్టు సామాను చూసుకునే మనిషి ఒకతను టొలీడో లాకరు గది తలుపు దగ్గరికొచ్చి, మిస్ వెర్లీన్ పంపిన, రేకు కాగితం చుట్టిన పళ్లెం ఆర్డెల్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆర్డెల్ దాన్ని కారులో పెట్టుకున్నాడు. ఇంటికి తీసుకెళ్లలేకపోయాడు. దారిలో ఎక్కడో ఆపి చెత్తడబ్బాలో వేశాడు.

సోమవారం వీడియో గదిలో హాచర్ ఆ దెబ్బను మళ్లీ మళ్లీ వేయించాడు. గదిలో ఈలలు. "ఇదీ ఆటంటే. కళ్లు తెరిచి చూడండి" అన్నాడు. లియోటిస్ వెనక నుంచి వచ్చి ఆర్డెల్ మెడ కౌగిలించుకున్నాడు. "అన్నా, నువ్వుంటే నేను గోడలోంచి కూడా పరిగెత్తుతా." మరుసటి ఏడాదికి కూడా ఆర్డెల్‌ను ఉంచుకుంటున్నట్టు జట్టు చెప్పింది. అతని పేరు పత్రికల్లో అంత పెద్దగా కనిపించి చాలా కాలమైంది.

వెల్ట్ మెడకు ఆపరేషన్ చేశారు. క్రిస్మస్ నాటికి లేచి నడిచాడు. కాని ఎడమచేతికి పట్టు రాలేదు, మెడ తిరగలేదు. ఆట అక్కడితో సరి. ఆర్డెల్ ఫోన్ చేస్తే మిస్ వెర్లీన్ తీసేది. "పడుకున్నాడు నాన్నా." మళ్లీ చేస్తే మళ్లీ అదే. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపముంటే పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. ఫోన్లు పలచబడ్డాయి, తర్వాత ఆగిపోయాయి.

"వెళ్లి కనపడు" అంది రెనీటా.

"ఏమని కనపడను?"

"నేను చెప్పేదేముంది? నీ కాళ్లున్నాయిగా, అవి తీసుకెళ్తాయి."

కాళ్లు తీసుకెళ్లలేదు.

మళ్లీ ఆటల కాలం మొదలైంది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అదే ఎత్తు వేశారు. బంతి లియోటిస్ చేతిలో, పరుగు కుడివైపు, ఆర్డెల్ అంచు నుంచి లోపలికి. వస్తున్నవాడెవడో ఆర్డెల్‌కు తెలియదు. వాడి పేరు కూడా ఎప్పుడూ వినలేదు. వాడు చూడటం లేదు. హెల్మెట్ సందులోంచి దవడ కనిపించింది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అంతే, ఆర్డెల్ ఒళ్లు తనంతట తానే పక్కకు ఒరిగిపోయింది. వాడు తగలకుండా దాటిపోయాడు.

లియోటిస్ ఆ వైపు చూడనైనా లేదు. అక్కడ ఆర్డెల్ ఉన్నాడన్న ధీమా. ఎడమకాలు నేలలో నాటి మలుపు తిరుగుతుండగా ఆ ఎదుటి జట్టువాడు సరిగ్గా ఆ మోకాలి మీద పడ్డాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తర్వాత లియోటిస్ అరుపు. ఆర్డెల్ మోకాళ్ల మీద కూర్చుని అతని చెయ్యి పట్టుకోబోతే, అదెవరి చెయ్యో చూడకుండానే లియోటిస్ గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు హాచర్ పిలిచాడు.

"కాలు జారిందా?"

"లేదు."

"వాడు కనపడలేదా?"

"కనపడ్డాడు."

హాచర్ బల్ల మీది కాగితాలు పక్కకు నెట్టాడు. "జారితే ఉంచుకునేవాణ్ణి, బాస్కమ్. గుడ్డివాడివైనా ఉంచుకునేవాణ్ణి. నువ్వు తప్పుకున్నావు. నీ వెనక ఇంకెవడిని పరిగెత్తమంటావు?"

జట్టు అతన్ని తీసేసింది. ఆర్డెల్ లాకరు ఖాళీ చేసి, రెనీటాకు చెప్పి, కారు దక్షిణానికి తిప్పాడు. ఒక్కడే డెల్టా చేరాడు. ఇన్నాళ్లూ రాలేనిది ఇప్పుడెలా వచ్చాడో అతనికే తెలియలేదు. నిజానికి లోలోపల ఒక ఆశ ఉంది. ఇప్పుడు తన దగ్గర వెల్ట్‌కు ఇవ్వడానికి ఒకటుంది.

మిస్ వెర్లీన్ పెరట్లో నూనె మూకుడు ముందు నిలబడి క్యాట్‌ఫిష్ ముక్కలు వేయిస్తోంది. అతన్ని చూసి గరిటె దించలేదు.

"ఏడాది పట్టిందా నాన్నా, ఈ వీధి దొరకడానికి?"

"తప్పయిందండీ."

"వాడు వరండాలో ఉన్నాడు. వెళ్లు. ఇదిగో, చేతులు కడుక్కుని వెళ్లు."

వెల్ట్ తల తిప్పలేదు, తిప్పలేడు. కుర్చీతో సహా ఒళ్లంతా తిప్పి చూశాడు. చిక్కిపోయాడు. ఊళ్లో హైస్కూలు జట్టుకు కోచ్‌గా చేస్తున్నాడట. కాసేపు వానల గురించి, చెరువుల గురించి మాట్లాడుకున్నారు. మిస్ వెర్లీన్ చేపలు, మొక్కజొన్న రొట్టె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, తనూ ఒక స్టూలు లాక్కుని కూర్చుంది.

చివరికి ఆర్డెల్ చెప్పాడు. లియోటిస్ సంగతి, తను పక్కకు ఒరిగిపోయిన సంగతి, తీసేసిన సంగతి. "కొట్టలేకపోయాన్రా. నువ్వే గుర్తొచ్చావు. నీ కోసమే ఆగిపోయాను."

వెల్ట్ చేతిలోని రొట్టె పళ్లెంలో పడేశాడు.

"నా కోసమా? నన్నడిగావా?"

"అది కాదురా..."

"నన్ను కొట్టావు. సరే. నేను మీ మీదకొస్తున్నవాణ్ణి, నీలం చొక్కా వేసుకున్నవాణ్ణి. ఆసుపత్రిలో పడుకుని నిన్ను తిట్టని తిట్టు లేదు, అది వేరే సంగతి. కానీ నేనెప్పుడూ నిన్ను నమ్ముకుని పరిగెత్తలేదు. ఆ కుర్రాడు నమ్ముకుని పరిగెత్తాడ్రా!"

"అయితే కొట్టాల్సిందంటావా? ఇంకొకడి మెడ విరగ్గొట్టాల్సిందంటావా?"

వెల్ట్ తన ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో ఒక్కొక్కటీ చాపుకున్నాడు.

"నాకు తెలీదు. కొట్టలేనివాడివి ముందే చెప్పాలి. నా వల్ల కాదయ్యా, ఇంకొకడిని పెట్టుకోండి అని బయటికొచ్చేయాలి. అంతేగానీ, లోపలికెళ్లి ఆ కుర్రాడి ముందు నిలబడి, సరిగ్గా అప్పుడే మంచోడివైపోతే ఎట్లా? అదంతా ఎత్తుకొచ్చి నా ఒళ్లో పెడతావేంటి? నేను మోసేది నాకు చాలదా?"

ఆర్డెల్ తల వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతుంటే వెల్ట్ మొహం పక్కకు పెట్టుకుందామనుకున్నాడు, మెడ సహకరించలేదు. చూస్తూనే ఉండాల్సి వచ్చింది.

"ఆ కుర్రాణ్ణి చూసొచ్చావా?" అని అడిగింది మిస్ వెర్లీన్.

"లేదండీ."

"చూడు నాన్నా. నీ ఫోనొచ్చినప్పుడల్లా పడుకున్నాడని అబద్ధమాడాను. వీడు చెప్పమన్నాడు, చెప్పాను. వీడు ఇక్కడే ఈ కుర్చీలోనే ఉండేవాడు. కానీ ఫోను మోగటం ఆగిపోయాక, వంటింట్లో ఏ చప్పుడైనా అదేనేమో అని వచ్చి చూసేదాన్ని. వీడూ చూసేవాడు. అడుగు, కాదంటాడేమో." వెల్ట్ కాదనలేదు. "తిని బయల్దేరు. చీకటి పడకముందే కొంత దూరం పోవచ్చు."

లియోటిస్ టొలీడోలో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండేవాడు. ఆర్డెల్ తలుపు తట్టి చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. లోపల నుంచి చంకకర్రల చప్పుడు నెమ్మదిగా దగ్గరపడింది.

"నువ్వు తప్పుకున్నావని కోచ్ అన్నాడు" అన్నాడు లియోటిస్, గడప అవతల నుంచే. "నేను ఆయనతో పోట్లాడాను. మా అన్న అట్లాంటివాడు కాదన్నాను. నిజమేనా?"

"నిజమే."

"ఎందుకన్నా?"

వందల మైళ్ల దారిలో ఆర్డెల్ జవాబు సిద్ధం చేసుకున్నాడు. వెల్ట్ సంగతి మొదటి నుంచి చెబుదామనుకున్నాడు. నోరు తెరిచాక, లియోటిస్ కాలికి తొడ నుంచి మడమ దాకా ఉన్న కట్టు చూసి, ఆ కథ కూడా ఇతని మీదే వేయడమవుతుందనిపించింది.

"భయపడ్డాను" అన్నాడు.

లియోటిస్ అతని మొహంలోకి చూసి తలుపు వేసేశాడు.

ఆర్డెల్ మరుసటి వారం వెళ్లాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ పై వారం తెరుచుకుంది గాని, వెంటనే మళ్లీ మూసుకుంది. రెనీటా వండి ఇచ్చిన గిన్నెలు గుమ్మం ముందు పెట్టి వచ్చేవాడు, తర్వాతిసారి కడిగిన గిన్నెలు అక్కడే ఉండేవి. అలా నవంబరు వచ్చింది. ఒక ఆదివారం తలుపు తీసి, లియోటిస్ వెనక్కి తిరిగి సోఫా దాకా కుంటుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. ఆర్డెల్ లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక, బల్ల పక్కనున్న కుర్చీ అంచున కూర్చున్నాడు.

"డాక్టరు ఏమన్నాడు?"

"వచ్చే ఏడు ఆడతానన్నాడు. ఇంతకు ముందులా మాత్రం కాదన్నాడు." లియోటిస్ టీవీ వైపే చూస్తున్నాడు. "నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోవడం లేదు."

టీవీలో ఆట నడుస్తోంది. ఎవరో బంతి పట్టుకుని పక్కకు పరుగు తీశాడు, అంచున నిలబడ్డ రిసీవరు లోపలికి తిరిగాడు. లియోటిస్ రిమోట్ తీసుకుని ఛానెల్ మార్చాడు. ఎవరో ఆవిడ వంకాయలు కోస్తోంది. ఇద్దరూ అదే చూస్తూ కూర్చున్నారు.