ముక్కు విరిగిన బంకకత్తి

నేను ఒక బంకకత్తిని. తపసి చెట్టు బెరడు గీసి బంక తీయడానికి వాడే చిన్న కత్తిని. కొడవలిలో సగం ఉంటాను, వంపు మాత్రం దానిదే. మనుషులను కథ చెప్పమంటే పుట్టుకతో మొదలుపెడతారు. నేను ఒక తగువుతో మొదలుపెడతాను. ఆ రోజు దాకా ఆ ఇంట్లో ఎవరూ నా గురించి గొంతు పెంచి మాట్లాడలేదు.

తగువు పనసకాయ దగ్గర వచ్చింది. పొద్దున్నే సత్యవేణి నన్ను గోడ మేకు మీంచి తీసి చూసింది. వంపు చివర ఉండే నా ముక్కు గోరంత మేర విరిగిపోయి ఉంది. కడుపు వైపు, అంటే వంపు లోపలి అంచు మీద, పనసపాలు ఎండి అట్టకట్టాయి. పొయ్యి దగ్గర కూర్చున్న అత్త పండమ్మకు నన్ను చూపించింది.

"అత్తా, దీంతో కాయ కోశావా?"

"కోశాను. కత్తిపీట కనపళ్ళేదు."

"ముక్కిరిగిపోయింది."

"కాయ కోసేది కడుపుతో, ముక్కుతో కాదు. నా సేతిలో ఏదీ ఇరగలేదు."

అక్కడితో ఆగవలసిన మాటలు ఆగలేదు. పనసపాలు అంటిన కత్తితో గీస్తే బంక నల్లబడుతుందని కోడలు అంది. నీ కత్తికి దణ్ణం, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే పోతుంది అని అత్త అంది. ఆ తర్వాత నిరుడు పగిలిన మూకుడు సంగతి వచ్చింది, మూకుడు వెనకాలే ఎవరి పుట్టింటివాళ్ళు ఎంత జాగ్రత్త మనుషులో వచ్చింది. అరుగు మీద నార తాడు పేనుతున్న మామగారు ముత్యాలరెడ్డి వేళ్ళు మాత్రం ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. ఆయనకు ఆ పూట చెవులు సరిగా వినపడలేదు.

నా ముక్కు ఎక్కడుందో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

నేను పుట్టింది ఒక లారీ కింద. అడవి నుంచి దుంగలు దింపే ఆ లారీ ఘాట్ రోడ్డులో కమాను పట్టీ విరిగి ఆగిపోయింది. విరిగిన పట్టీని క్లీనరు రోడ్డు పక్కన పారేశాడు. కమ్మరి సింహాచలం దాన్ని ఏరుకొచ్చి కొలిమిలో పెట్టి పద్నాలుగు బంకకత్తులు చేశాడు. దుంగల బరువు మోసి విరిగిన ఇనుమును చెట్లు కాపాడే పనికి పెట్టారు. ఇందులో నా గొప్పేమీ లేదు. ఇనుము ఏ చేతిలో ఉంటే ఆ చేతి బుద్ధి దానిది.

మా పద్నాలుగు మందినీ నిమ్మలగొంది వాళ్ళు కొన్నారు. రంపచోడవరం పై కొండల్లో ఇరవై రెండు ఇళ్ళ ఊరు అది, అందరూ కొండరెడ్లు. అక్కడి బతుకు సగం పోడు మీద, సగం అడవి మీద. ఏ వాలు మీది తపసి చెట్లు ఏ ఇంటివో తాతల నాటి నుంచి అందరికీ తెలుసు. కాగితం లేదు, కంచె లేదు. ఈ తెల్లటి చెట్ల బంక కొండ దిగి, ఓడలెక్కి, మందుల్లోకి పోతుందట. పట్నాల్లో కట్టుడు పళ్ళు జారిపోకుండా అంటించేదీ అదేనట. నిమ్మలగొందిలో చెట్టుకు పడే గాటు, మొహం తెలియని ఒక పెద్దమనిషి నవ్వును పట్టి ఉంచుతుందన్నమాట.

నాకు ముందు ఆ పని గొడ్డలి చేసేది. చెట్టుకు నిలువునా జానెడు వెడల్పున, లోపలి తెల్లచెక్క దాకా దెబ్బ వేసేవారు. బంక గుమ్మడికాయంత ముద్దగా దిగేది. ఆ ఏడు అందరూ సంతోషించేవారు. మరుసటి ఏడు మరో వైపు కొట్టేవారు. మూడో ఏటికి పురుగు పట్టి, గాలివానకు చెట్టు ఆ గాటు దగ్గరే విరిగేది. ముత్యాలరెడ్డి ఇంటి వాలు మీద ముప్పై పైచిలుకు చెట్లుండేవి. నేను వచ్చేనాటికి తొమ్మిది మిగిలాయి. వాటిలో ఎనిమిది ఇంకా కాపుకు రాలేదు. కాయ కాసేది ఒక్కటే, పెద్ద తపసి.

నన్ను వాడడం నేర్పుతామని బంక కొనే సంస్థ వాళ్ళు కింద నుంచి బొమ్మల అట్టలతో వచ్చినప్పుడు మగవాళ్ళు చెట్టు నీడన కూర్చుని చూశారు. బొటనవేలంత గాటు పెట్టాలి, నాలుగు రోజులకోసారి దాని పై అంచును గోరు మందాన గీయాలి, తెల్లచెక్క తగలకూడదు, లేతచెట్టును ముట్టకూడదు, వానలు మొదలయ్యాక మానెయ్యాలి. ఇది విని ముత్యాలరెడ్డి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఊరికి పెద్దకాపు, ఆయన మాటే అక్కడ తీర్పు.

"ఇది సెట్టుకా, నా గెడ్డానికా?" అన్నాడు.

అందరూ నవ్వారు. సత్యవేణి నవ్వలేదు. ఆమెకు అప్పటికి పెళ్ళయి ఏడాది. ఆమె పుట్టిన ఊళ్ళో తపసి చెట్లు పూర్తిగా పోయాయి. అక్కడి ఆడవాళ్ళు ఇప్పుడు కూలికి కింది ఊళ్ళకు దిగుతారు. ఆమె లేచి వచ్చి మామగారి చేతిలోంచి నన్ను తీసుకుంది. అప్పటి నుంచి నాలుగేళ్ళు నేను ఆమె నడుమునే ఉన్నాను. ఆమె మొగుడు అబ్బాయిరెడ్డి మంచివాడు. భార్య ఏం చేసినా రెండు రోజులు చూసి మూడో రోజు ఔనంటాడు.

ఆ నాలుగేళ్ళలో ఆమె చేతిలో ఒక్క చెట్టూ పోలేదు. బంక నిమ్మకాయంత ముద్దలుగా, తెల్లగా వచ్చేది. కాయలు ఎర్రబడ్డాక కోసేది. తపసి కాయ మీది నూగు చర్మానికి తగిలితే ముళ్ళు గుచ్చినట్టుంటుంది, అందుకని చేతులకు పాత చీరముక్కలు చుట్టుకునేది. గింజలు తీసి ఇంటి వెనక నూనె ప్యాకెట్లలో మొక్కలు వేసేది. మొదటి ఏడు మేకలు తిన్నాయి. రెండో ఏడు నీళ్ళెక్కువై కుళ్ళాయి. మూడో ఏడు పదకొండు బతికాయి. ఈ ఏడు వన సంరక్షణ సమితి కూడినప్పుడు ఆమె లేచి, వానాకాలానికి రెండు వందల మొక్కలు ఇస్తానంది. ఊరి బోడి వాలు మొత్తానికి అవి సరిపోతాయి. గింజలన్నీ పెద్ద తపసివే కావాలి. ఆ మాట అన్నాక ఆమె రోజూ పోయి ఆ చెట్టును చూసి వచ్చేది. సూలింతను చూసే చూపు అది.

ముత్యాలరెడ్డి దీనికి అడ్డు చెప్పలేదు. ఆయన బాధ వేరు. ఒకప్పుడు సంతలో ఆయన గోనె విప్పితే చుట్టూ జనం చేరేవారు. ఆయన తెచ్చినంత ముద్ద ఏ ఊరివాడూ తేలేదని చెప్పుకునేవారు. ఆ తగువుకు ముందు సంతలో, ఆయనకు బావ వరసయ్యే సింగారెడ్డి ఆయన గోనెలో చెయ్యి పెట్టి నాలుగు ముద్దలు తీసి చూశాడు.

"ఏం బావా, మీ కోడలు గోలీలాడుకుంటందా?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాలుగేళ్ళ కిందట ఆయన నవ్వించిన నవ్వు లాంటిదే, ఈసారి ఎదుటి వైపు నుంచి వచ్చింది. మనుషులకు డబ్బు తగ్గితే దిగులేస్తుంది, పేరు తగ్గితే మాత్రం నిద్రపట్టదు. తెల్ల ముద్దలకు ఎక్కువ ధర వస్తోందన్నది ఆయనకు గుర్తే రాలేదు.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం, ఆడవాళ్ళు విస్తరాకులకు వెళ్ళినప్పుడు, ఆయన నన్ను తీసుకుని పెద్ద తపసి దగ్గరకు వెళ్ళాడు. గొడ్డలి తీసుకెళ్ళలేదు, చప్పుడుకు ఊరంతా వస్తుంది. నా ముక్కు బెరడులో గుచ్చి, గుండ్రాయితో నా వీపు మీద కొట్టాడు. నేను గీయడానికి పుట్టినదాన్ని, గుచ్చడానికి కాదు. అయినా ఐదారు దెబ్బలకు తెల్లచెక్క తగిలింది. ఏడో దెబ్బకు నా ముక్కు విరిగి లోపలే ఉండిపోయింది. ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ లేరనుకున్నాడు. నన్ను లెక్కలోకి తీసుకునే అలవాటు మనుషులకు లేదు.

ఇంటికి తెచ్చి మేకుకు తగిలించాడు. సాయంత్రం పండమ్మకు కత్తిపీట కనపడలేదు. మిగతాది మీకు తెలుసు.

తగువైన పొద్దునే సత్యవేణి నన్ను నడుముకు దోపుకుని వాలు మీదికి పోయింది. పెద్ద తపసి ముందు నిలబడింది. గాటు జానెడుంది. బంక అప్పటికే గుప్పెడంత దిగి, ఇంకా దిగుతోంది. కొమ్మల చివర కాయలు అప్పుడే రంగు తిరుగుతున్నాయి. ఆమె గాటులో వేలు పెట్టి తడిమింది. తర్వాత గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, నా ముక్కును మెల్లగా పైకి లాగింది. దాన్ని నా విరిగిన చోట ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది. ఎండిన తపసి ఆకుల మీద రాలిన చుట్ట నుసి కూడా చూసింది. ఆ వాలు మీద చుట్ట కాల్చేవాడు ఒక్కడే.

వాగు నుంచి బంకమట్టి తెచ్చి, పేడ కలిపి గాటుకు మెత్తింది. ముక్కును కొంగున ముడి వేసుకుంది. ఇంటికొచ్చింది. మామగారి చుట్టల డబ్బా మూత తీసి, చుట్టల మీద ఆ ముక్కను పెట్టి, మూత పెట్టేసింది.

ఆయన మధ్యాహ్నం డబ్బా తీశాడు. చుట్ట ముట్టించలేదు.

సత్యవేణి అత్తతో మాత్రం, నీ తప్పు లేదత్తా, పొరపాటున అన్నాను అంది. పండమ్మ ఒప్పుకోలేదు. మరెవరిది తప్పు అని అడిగింది. కోడలు బిందె తీసుకుని వాగుకు పోయింది. పెద్దకాపును, అందునా మామను, ఆమె నోటితో ఎలా చెబుతుంది? చెప్పకపోయేసరికి, కోడలు తన మీద జాలిపడి మాట మారుస్తోందని పండమ్మ అనుకుంది. నిందకన్నా అది ఆమెకు ఎక్కువ కష్టం కలిగించింది. మూడు రోజులు వాళ్ళిద్దరూ ఒకే పొయ్యి దగ్గర, అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు వండారు.

నాలుగో రోజు మామిడి కొత్త. కొత్త పండగ అయ్యేదాకా నిమ్మలగొందిలో ఎవరూ మామిడికాయ ముట్టరు. పచ్చడి ముక్క కూడా నోట్లో పెట్టరు. ముందు భూదేవికి పెట్టాలి, తర్వాత పెద్దకాపు ఇంట్లో తినాలి, ఆ కబురు విన్నాకే మిగతా ఇళ్ళు తింటాయి. ఇంకో పట్టింపు కూడా ఉంది. తగువు మిగిలిన ఇంట్లో కొత్త తినకూడదు. తింటే చెట్టుకు చేటని వాళ్ళ నమ్మకం. సంస్థ వాళ్ళ బొమ్మల అట్టల మీద ఈ మాట లేదు. కానీ ఎవరూ కాపలా లేకుండానే ఆ ఊరు మామిడికాయలను వందల ఏళ్ళుగా చెట్టునే ముదరనిస్తోంది.

భూదేవికి పెట్టి వచ్చాక అందరూ అన్నాలకు కూర్చున్నారు. నేను ఎదురుగోడ మేకుకు ఉన్నాను. విస్తరాకుల్లో జొన్న అన్నం, పనసకాయ కూర, పక్కన ఒక్కొక్క మామిడి ముక్క. బయట అరుగు మీద ఇరుగుపొరుగు కబురు కోసం ఎదురు చూస్తున్నారు. ముత్యాలరెడ్డి ముక్క చేతిలోకి తీసుకున్నాడు. పండమ్మ మొహం చూశాడు, కోడలి మొహం చూశాడు. ముక్కను మళ్ళీ ఆకులో పెట్టేశాడు.

"ఆ ముక్కు ఇరగ్గొట్టింది నేను," అన్నాడు.

అబ్బాయిరెడ్డి నోటి దగ్గరి ముద్దను దించాడు.

"పెద్ద తపసి మీద వాడాను. సింగారెడ్డి నోరు మూయిద్దామనుకున్నాను." ఆయన కోడలి వైపు తిరిగాడు. "పిల్లా, సెట్టు ఎలాగుంది?"

"బంక ఆగింది మావయ్యా. కాయ రాల్లేదు. పురుగు పట్టకపోతే నిలుస్తాది. వానలెళ్ళేదాకా ఏం సెప్పలేం."

పండమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "మూడు రోజుల్నించి నన్నంటంటే నీ సెవుల్లో ఏం పోసుకున్నావయ్యా?" అంది.

"సిగ్గు," అన్నాడాయన. "కాయ నీ సేతిలో బాగానే తెగింది. నీ తప్పు లేదు."

ఆమె ఆయన ఆకులో కూర వేసింది, మామూలుగా వేసే దానికన్నా కొంచెం తక్కువ. కోడలి ఆకులో రెండు గరిటెలు వేసింది.

"పెద్ద తపసికి మూడేళ్ళు సెలవ," అన్నాడు ముత్యాలరెడ్డి. "నేను కూడా ముట్టను. ముట్టుకుంటే కత్తి నా సేతిలోంచి లాక్కోడానికి నీకు హక్కుంది, పిల్లా."

సత్యవేణి తల వంచుకుని అన్నం కలుపుతోంది. రేపు సంతకు పోయినప్పుడు సింహాచలం దగ్గర నాకు కొత్త ముక్కు వేయిస్తానంది. ఆయన నా వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆయన నన్ను సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

"వద్దు. దానికి ముక్కెందుకు? గీసేది కడుపే కదా. ముక్కుంటే లోతుకి గుచ్చాలనిపిస్తది. నాకనిపించింది, రేపు ఇంకోడికనిపిస్తది." బయట అరుగు మీద ఉన్నవాళ్ళకు వినపడేలా గొంతు పెంచాడు. "పద్నాలుగు కత్తులూ ఎల్లుండికల్లా నా అరుగు మీదుండాలి. అన్నిటికీ ముక్కులు కొట్టించేద్దాం."

ఆ తర్వాతే మామిడి ముక్క నోట్లో పెట్టుకున్నాడు.