మూతలో వాటా

చిలక మా ఇంటికి వచ్చిన రోజు దాని బరువు రెండు వందల యాభై రెండు గ్రాములు. రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద తూచి, ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితం మీద రాసేదాన్ని. పదకొండో రోజుకి రెండు వందల ఇరవై ఒకటి.

దాన్ని ఇచ్చింది మా వీధి చివర కొట్టున్న దర్జీ మాస్టారు. పద్నాలుగేళ్లు కొట్లోనే పెంచుకున్నారు. ఆయన భార్యకి ఈమధ్య ఊపిరాడని జబ్బు పట్టుకుంది. చిలక ఈకల దుమ్ము పడదని, అది మాస్టారి బట్టలకి అంటుకుని ఇంటికి వచ్చినా ప్రమాదమేనని డాక్టర్లు తేల్చారు. కర్టెన్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, "మీ ఇంట్లో ఉంచుకుంటారామ్మా?" అని అడిగారు. సరే అన్నాను. జాలిపడి కాదు. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరే అంటున్నాను. వద్దు అనాలంటే కారణం వెతుక్కోవాలి.

అప్పటికి మా అత్తగారు పోయి ఐదు నెలలు. నేను ఏడవలేదు. "కోడలు కదా, ఏడుస్తుందా ఏమిటి" అని చాటున అనుకున్నవాళ్లున్నారు. పక్కింటావిడైతే మొహం మీదే అంది: "హమ్మయ్య, ఇక నీ కాళ్లకీ చేతులకీ విడుదల." నేను నవ్వాను కూడా.

ఇరవై రెండేళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవిడా నేనూ ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు" అనేది. "మీ నాలుక్కి సముద్రం తెచ్చి పోసినా చాలదు లెండి" అనేదాన్ని. ఉప్పు సరిపోయిందని ఇద్దరికీ తెలుసు. చాలా రోజుల్లో ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడుకోకుండానే భోజనం అయిపోయేది. ఆవిడ పోయాక నేను బల్ల దగ్గర కూర్చోవడం మానేశాను. సింకు పక్కన నిలబడి గిన్నెలోంచే నాలుగు ముద్దలు తినేస్తే ఒక పళ్లెం తోమే పని తగ్గుతుంది.

చిలకతో పాటు మాస్టారు రెండు పేజీల కాగితం ఇచ్చారు. కొలతలు రాసుకునే గుండ్రటి చేతిరాత. పేరు బొత్తాం. దొరికిన బొత్తామల్లా ఎత్తుకుపోతుంది కాబట్టి. ఎడమవైపు నుంచి దగ్గరికి రాకూడదు. తల మీద చెయ్యి వెయ్యకూడదు. ఉప్పు, నూనె పెట్టకూడదు. యాపిల్ గింజలు తీసెయ్యాలి. నిద్రపోయే ముందు ముక్కు కరకరా నూరుకుంటే అది బాగున్నట్టు లెక్క.

అన్నీ అక్షరం పొల్లుపోకుండా చేశాను. క్యారెట్టూ మొక్కజొన్నా ఉప్పు లేకుండా ఉడికించి, యాపిల్ సన్నగా తరిగి గిన్నెలో పెట్టి, గది తలుపు దగ్గరగా వేసి వచ్చేసేదాన్ని. కొత్త చోటు కదా, ఎవరూ చూడకపోతే నెమ్మదిగా తింటుంది అనుకున్నాను. సాయంత్రం వెళ్తే ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఎండిపోయి ఉండేవి. మహా అయితే నాలుగు గింజలు కొరికేది. కొట్లో కుట్టుమిషనులా చప్పుడు చేసేదిట, కత్తెరలా చప్పుడు చేసేదిట. మా ఇంట్లో కిక్కురుమనలేదు. పంజరం మూల, మొహం గోడకి పెట్టుకుని కూర్చునేది. నేను కాసేపు దాన్ని చూసి గిన్నె కడిగేదాన్ని. ఒకరినొకరు ఇబ్బంది పెట్టుకోలేదు.

"తినడం లేదా?" అన్నారు మా ఆయన. "నీ వంట సంగతి దానికప్పుడే ఎవరో చెప్పేసుంటారు."

"ఎవరు చెప్తారు?"

"ఇంకెవరు, మా..." అని ఆగిపోయి, పేపరు మడతపెట్టారు.

పశువుల డాక్టరు చిలకని చూసి రోగమేమీ లేదన్నాడు. "రెండు వందల పదికి తగ్గిందంటే మాత్రం గొట్టంతో తిండి పొయ్యాలమ్మా. ఈ వయసు పిట్ట అందాకా వెళ్తే తేరుకోవడం కష్టం. మచ్చిక చేసుకోండి," అన్నాడు. ఎలాగో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పద్నాలుగో రోజు రెండు వందల పద్నాలుగు. భయపడాల్సిన అంకె అని తెలుసు. ముందటి అంకెల కింద వరసలో రాసి, పెన్ను మూత పెట్టాను. చిలకని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. మాస్టారి భార్య సంగతి తెలిసీ అనుకున్నాను. నా ఇంట్లో ఇంకొకరు పోకుండా ఉంటే చాలనిపించింది. ఆ ఏడాదికి అదొక్కటే నేను కోరింది.

కొట్టుకి వెళ్లేసరికి ఒంటిగంట. మాస్టారు బట్ట కత్తిరించే బల్ల మీదే టిఫిను డబ్బా తెరిచారు. డబ్బా తన ముందుంది. దాని మూత మాత్రం బల్లకి అవతలివైపు, వెల్లకిలా పెట్టి ఉంది. అందులో ఏమీ లేదు.

"రండమ్మా. బొత్తాం ఎలా ఉంది?"

"తినడం లేదు మాస్టారూ. మీరు రాసినట్టే అన్నీ చేస్తున్నాను."

ఆయన చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. "ఎక్కడ తింటారమ్మా మీరు?"

"నేనా? దానికి గదిలో పెడుతున్నాను."

"దాని సంగతి కాదమ్మా. మీరెక్కడ తింటారు?"

ఆ మూత వైపు చూసి, "అదేమిటి?" అన్నాను.

"దాని వాటా అందులో పెట్టేవాణ్ని. కూరలో ఉప్పు వెయ్యకముందే మా ఆవిడ నాలుగు ముక్కలు తీసి పొట్లం కట్టేది. ఇప్పుడు పొట్లం లేదు గానీ, చెయ్యి ఊరుకోదు, మూత అటే పెడుతుంది." ఆయన మూతని ఇటు లాక్కోబోయి మళ్లీ వదిలేశారు. "అది ఒంటరిగా తినదమ్మా. ఎదురుగా ఎవరో ఒకరు తింటుండాలి."

"ఆ ముక్క కాగితంలో రాయలేదేం?"

"తినేటప్పుడు ఎదురుగా కూర్చోవడం కూడా రాసివ్వాలామ్మా?" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోయి.

తిరిగి ఇచ్చేద్దామని వచ్చినట్టు చెప్పలేదు. "ఆ మూత ఇస్తారా?" అన్నాను. ఆయన దాన్ని లైనింగ్ గుడ్డతో రెండుసార్లు తుడిచి ఇచ్చారు. డబ్బా మీద ఒక చొక్కా కాలరు ముక్క కప్పుకున్నారు.

ఇంటికి వచ్చి రెండు బంగాళాదుంపలు, ఒక క్యారెట్టు ఉడకబెట్టాను. పంజరం బల్ల మీదికి తెచ్చి తలుపు తీశాను. మూతలో దాని వాటా వేసి అత్తగారి కుర్చీ వైపు పెట్టాను. పళ్లేల బీరువాలోంచి నాకొక పళ్లెం తీశాను. దాని అంచు మీద దుమ్ముంది. కడిగి, తుడిచి, కూర్చున్నాను.

దుంప చప్పగా ఉంది.

"ఉప్పు చాల్లేదు," అన్నాను.

ఆ బల్ల దగ్గర ఐదు నెలల తర్వాత వినపడ్డ మొదటి మాట అదే. సముద్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. చిలక మొహం గోడవైపు నుంచి తిప్పి ఒక కంటితో నన్ను చూసింది. నేను ఇంకో ముక్క తిన్నాను. నమిలాను. దానివైపు చూడకుండా ఇంకోటి తిన్నాను.

అది దిగడానికి చాలాసేపు పట్టింది. బల్ల మీద అటూ ఇటూ ఊగుతూ నడిచి వచ్చి, మూత దగ్గర ఆగి లోపలికి చూసింది. దాన్ని దాటి నా పళ్లెం దాకా వచ్చింది. నేను కొరికి పెట్టుకున్న ముక్కే ముక్కున కరుచుకుని, వెనక్కి వెళ్లి, మూతలో పడేసుకుని అప్పుడు తింది.

"నీది నీకుంది కదే, దొంగమొహమా," అన్నాను.

ఇంకోటి ఎత్తుకుపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చేసరికి బల్ల ఇంకా తుడవలేదు. ఆయన పళ్లేన్నీ మూతనీ చూశారు. తర్వాత వాళ్లమ్మ కుర్చీ వీపు మీద కూర్చున్న చిలకని చూశారు. "అక్కడెందుకు..." అని మొదలుపెట్టి, ఏమనుకున్నారో, బూట్లు విప్పుకోవడానికి వెళ్లిపోయారు. కాసేపటికి కుర్చీ మీంచి సన్నగా కరకర వినపడింది. మాస్టారి కాగితం తీసి చదవనక్కర్లేదు, ఆ వాక్యం గుర్తే.

మర్నాడు పొద్దున రెండు వందల పదహారు. రాశాను. రెండు గ్రాములంటే ఎంత, చిటికెడు ఉప్పంత.

ఒంటిగంటకి కూర రెండుగా చేసి, దాని ముక్కలు ముందే తీసి పెట్టాను. నా పళ్లెం పెట్టుకున్నాక మళ్లీ లేచి, ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద, ఆవిడ పెట్టుకునే చోటే పెట్టాను. ఆవేళ కూరలో ఉప్పు నిజంగానే చాల్లేదు.