కుడివైపు తలుపు

ఇషెన్‌బాయ్ తాళంచెవి మీది బొత్తాం నొక్కాడు. కారు పలకలేదు. చేతి తొడుగు తీసి నొక్కాడు. నోటి ఆవిరితో వెచ్చబరిచి నొక్కాడు. కాసేపు చంకలో పెట్టుకుని తీసి, ఈసారి కిటికీ అద్దానికి ఆనించి నొక్కాడు.

“పేరు పెట్టి పిలవండి, పలుకుతుందేమో,” అంది గుమ్మంలో నిలబడ్డ భార్య బురుల్‌కన్.

ఆమె వాళ్ల పెళ్లినాటి వెల్వెట్ కోటు వేసుకుంది. తలకు తెల్ల శాలువా చుట్టుకుంది. కాబోయే కోడలి చెవులకు నిశ్చయం కమ్మలు పెట్టాల్సిన రోజది. ఆ కమ్మలేమో కారులో ముందు సీటు మీద, ఎర్రగుడ్డ మూటలో, అద్దంలోంచి చక్కగా కనిపిస్తున్నాయి.

“బ్యాటరీ చచ్చింది,” అన్నాడు ఇషెన్‌బాయ్.

“ఎందుకు చచ్చింది?”

“ఎందుకు చస్తుంది? రాత్రంతా ఈ చలిలో ఉంటే నేనూ చస్తాను. ఇంట్లో పెట్టుకుందామంటే వద్దన్నదెవరు?”

బురుల్‌కన్‌కు ఒళ్లు మండిపోయింది. మండడానికి కారణం మొగుడు అబద్ధం చెప్పడం కాదు, నిజం చెప్పడం. తమ ఊరు నారిన్‌లో చలికాలం వచ్చిందంటే మగాళ్లందరూ సాయంత్రం బ్యాటరీ ఊడదీసి చంటిపిల్లాడిలా ఎత్తుకుని ఇంటికి తెస్తారు. ఇషెన్‌బాయ్ బ్యాటరీ కూడా ఏళ్ల తరబడి పొయ్యి పక్కన దర్జాగా పడుకుంది. పోయిన వారం దాని యాసిడ్ కారి, కొత్త కోడలి కోసం బురుల్‌కన్ రెండేళ్లు కూర్చుని కుట్టిన ఉన్ని తివాచీకి అరచేయంత చిల్లు పెట్టింది. “ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి,” అని ఆ రోజే తేల్చి చెప్పింది. ఆ తర్వాత రాత్రిళ్లు అది పశువుల పాకలో పడుకుంది. నిన్న రాత్రి మాత్రం ఇషెన్‌బాయ్ బద్ధకించి కారులోనే వదిలేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. బ్యాటరీ లేని బండిని ఎవడెత్తుకుపోతాడన్న ధీమాతో రాత్రిళ్లు అతను కారుకు తాళం వేసేవాడే కాదు. నిన్న మాత్రం, పొద్దున హడావిడిలో మరిచిపోతామని ముందుచూపుగా కమ్మల మూట సీటు మీద పెట్టాడు. పెట్టి, విలువైన వస్తువు కదా అని తాళం వేశాడు.

“మీకు ముందుచూపు ఎవరు నేర్పారండీ?” అంది బురుల్‌కన్. “ముప్పై ఏళ్లు అది లేకుండా సుఖంగానే బతికాం కదా!”

“తాళంచెవితో తియ్యొచ్చు కదా,” అంటూ వచ్చాడు పక్కింటి సతార్. అతనికి బొగ్గు తోలే లారీ ఉంది.

“ఎక్కడ పెట్టి తియ్యను? నా తలుపుకి కన్నమే లేదు. ఇది బొత్తాంతో తీసే బండి,” అన్నాడు ఇషెన్‌బాయ్ కొంచెం గర్వంగా. అంత కష్టంలోనూ ఆ గర్వం తగ్గనందుకు బురుల్‌కన్ పళ్లు కొరుక్కుంది. కొత్త బ్యాటరీ తెద్దామన్నా, లారీతో కరెంటు అందిద్దామన్నా ముందు ఇంజను మీది మూత లేవాలి. మూత లేపే మీట కారు లోపల ఉంది.

ఆమె చూపు మాటిమాటికీ కొండల మీది సూర్యుడి వైపే పోతోంది. వియ్యాలవారి ఊరు కొచ్కోర్ వెళ్లాలంటే డోలన్ కనుమ దాటాలి. వియ్యంకుడు తొక్తొసున్ సంబంధం ఖాయం చేసుకున్న రోజునే ఒక మాట చెప్పాడు: “బలగం వద్దు, మీరిద్దరూ వచ్చి కమ్మలు పెట్టండి చాలు. కానీ మిట్టమధ్యాహ్నం లోపల రండి. పొద్దు వాలితే మా గేటు తెరుచుకోదు. అది మా నాన్న పెట్టిన కట్టడి.” ఆ కట్టడి ఎందుకొచ్చిందో కొచ్కోర్‌లో అందరికీ తెలుసు. తొక్తొసున్ చెల్లెలు జూరాకు పాతికేళ్ల కిందట ఇలాగే కమ్మలు పెట్టే ముహూర్తం పెట్టుకున్నారు. గొర్రెను కట్టేసి, పెనం పొయ్యి మీద పెట్టి ఇంటిల్లిపాదీ రాత్రిదాకా ఎదురు చూశారు. పెళ్లికొడుకు వాళ్లు రాలేదు. మర్నాడు వచ్చి, కనుమ మీద బండి చెడిపోయిందన్నారు. తొక్తొసున్ తండ్రి గేటు తీయనివ్వలేదు. జూరాకు మళ్లీ సంబంధం రాలేదు. బురుల్‌కన్‌కు కోడలు కాబోతున్న బెగిమయ్‌ని పెంచింది ఆ మేనత్తే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. సతార్ కూడా ముందు టీ అడిగాడు. తాగాక ఇనుప తీగ తెచ్చి తలుపు సందులో దూర్చాడు. తీగ కమ్మల మూట దాకా వెళ్లి, దాన్ని సీటు కిందికి తోసేసింది.

“శభాష్!” అంది బురుల్‌కన్. “ఇప్పుడు కనిపించే బాధ కూడా తప్పింది.”

“రబ్బరు గడ్డకట్టింది వదినా, అదీ సంగతి. వేడినీళ్లు పోస్తే మెత్తబడుతుంది,” అంటూ అతను టీ కెటిల్ ఎత్తి, ఆమె వద్దు వద్దంటున్నా తలుపంతా అభిషేకం చేశాడు. ఒక్క క్షణం ఆవిరి లేచింది. ఆ తర్వాత నీళ్లు ఎక్కడివక్కడ గడ్డకట్టి పిడి, సందు, తీగ అన్నీ ఒకే గాజు పలకలా అతుక్కుపోయాయి. ఇషెన్‌బాయ్ పిడి పట్టుకు లాగబోతే వేళ్ల చర్మం ఊడొచ్చింది.

ఇక లాభం లేదని బురుల్‌కన్ వియ్యపురాలు అనార్‌కుల్‌కి ఫోన్ చేసింది.

“వదినా, ఏమనుకోకండి, కొంచెం ఆలస్యమయ్యేలా ఉంది. కారు తలుపు రావట్లేదు.”

“కారా?” అంది అనార్‌కుల్. “సరేలెండి. మాకు ఆ మాట కొత్త కాదు.”

ఫోన్ పెట్టేసింది. బురుల్‌కన్ తల కొట్టుకుంది. దునియాలో ఇన్ని సాకులుండగా సరిగ్గా అదే నిజం కావాలా! జ్వరమని చెప్పినా నమ్మేవాళ్లు.

ఆమె గోడవార నుంచి ఒక రాయి ఎత్తింది. ఇషెన్‌బాయ్ చేతులు చాపి కారుకు అడ్డం నిలబడ్డాడు.

“అద్దం జోలికెళ్లకు! ఈ చలిలో అద్దం లేని బండితో డోలన్ ఎక్కితే నీ కోడలికి గడ్డకట్టిన అత్తగారు మిగులుతుంది!”

“కమ్మలు తీసుకుని బస్సులో పోతాను, తప్పుకోండి!”

“బస్సు ఎప్పుడో పోయింది. నా బండి పగలగొట్టకే!”

“మీ బండా?” బురుల్‌కన్ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “ఏది మీ బండి? జపాన్‌వాడు కుడివైపు కూర్చుని తోలుకున్న పాత బండి! బిష్కెక్‌లో ఎవడో దాని పొట్ట కోసి, స్టీరింగు ఎడమవైపుకి తెచ్చి అతికిస్తే మీదైపోయిందా? ఇన్నాళ్లూ వాడి పక్కసీట్లో కూర్చుని డ్రైవర్‌నని మురిసిపోతున్నారు! పోండి, ఆ జపాన్‌వాడెటు ఎక్కేవాడో అటునుంచే ఎక్కండి!”

ఇషెన్‌బాయ్ చేతులు నెమ్మదిగా దిగాయి. సతార్ వైపు చూశాడు. సతార్ కారు వైపు చూశాడు.

“కుడి తలుపుకి కన్నం ఉంది,” అన్నాడు ఇషెన్‌బాయ్ తప్పు చేసినవాడిలా. “ఇక పనికిరాదు కదా, లోపలికి దుమ్ము పోతుందని కొన్న కొత్తలో నేనే నల్ల టేపు అంటించాను.”

బురుల్‌కన్ చేతిలో రాయి ఇంకా అలాగే ఉంది. దాన్ని కారు మీద వెయ్యాలా, కారు యజమాని మీద వెయ్యాలా అని ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది.

కారును కుడిపక్క గోడకు దగ్గరగా ఆపాడు గనుక అక్కడ మంచు నడుము ఎత్తున పేరుకుంది. ముగ్గురూ పారలతో తవ్వారు. ఇషెన్‌బాయ్ పొట్ట బిగబట్టి దూరి, గోళ్లతో టేపు గీకి, తాళంచెవి పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. సీటు కిందినుంచి కమ్మల మూట తీసి భార్యకు అందించి, మీట లాగి మూత లేపాడు. సతార్ లారీ తెచ్చి తీగలు తగిలించాడు. ఇంజను దగ్గి, తుమ్మి, చివరికి అందుకుంది. అప్పటికి సూర్యుడు నెత్తిమీదికొచ్చాడు.

డోలన్ కనుమ దాటేదాకా బురుల్‌కన్ మొగుణ్ని తిడుతూనే ఉంది. కనుమ దిగాక కమ్మల మూట ఒళ్లో బిగించి పట్టుకుని సూర్యుడి వైపే చూడసాగింది. తిట్లకన్నా అది చూస్తేనే ఇషెన్‌బాయ్‌కి ఎక్కువ భయం వేసింది.

వాళ్లు చేరేసరికి పొద్దు వాలింది. తొక్తొసున్ గేటు మూసి ఉంది. పొగగొట్టంలో పొగ లేదు. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని ఇషెన్‌బాయ్ ఇంజను నడుస్తుండగానే ఉంచి, దిగబోయాడు. అతని వైపు తలుపు ఇంకా మంచులో అతికే ఉంది. బురుల్‌కన్ దిగి గేటు తట్టింది. ఎవరూ పలకలేదు.

“వదినా! అన్నయ్యా! మేమే!”

లోపల మంచు మీద అడుగుల చప్పుడైంది. గేటు అరచేయంత తెరుచుకుంది. జూరా. నెరిసిన జుట్టుకు గోధుమరంగు రుమాలు కట్టుకుంది.

“అన్నయ్య గేటు తియ్యొద్దన్నాడు,” అంది మెల్లగా.

సరిగ్గా అప్పుడే ఇషెన్‌బాయ్ గేరు మీదుగా పక్కసీటులోకి పాకుతూ ఇరుక్కుపోయాడు. కుడివైపు తలుపులోంచి ముందు బూట్లు వచ్చాయి, తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు, తర్వాత లోపలినుంచి “బురుల్, కాస్త లాగవే,” అని గొంతు వచ్చింది. జూరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే గేటు దాటి వచ్చి కారు చుట్టూ తిరిగింది. మంచు కట్టిన ఎడమ తలుపునూ, అందులో ఇరుక్కున్న తీగనూ ముట్టుకుని చూసింది. దిగివచ్చిన ఇషెన్‌బాయ్ చర్మం ఊడిన వేళ్లు చూసింది. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

“పొద్దున్నుంచీ దీంతోనేనా?”

“రొట్టె మీద ఒట్టు, దీంతోనే!” అంది బురుల్‌కన్.

“అయితే బండ్లు నిజంగానే చెడిపోతాయి,” అంది జూరా.

గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, లోపలికి తిరిగి, “అన్నయ్యా, పొయ్యి రాజెయ్యండి, వాళ్లొచ్చారు!” అని గట్టిగా కేకవేసింది. తర్వాత బురుల్‌కన్ చెయ్యి పట్టుకుంది.

“ఆనాడు నా పెళ్లికొడుకు మర్నాడు వచ్చి చాలాసేపు పిలిచాడు వదినా. నేను ఈ గేటు వెనకే ఉన్నాను. గడియ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది,” అంది.

బురుల్‌కన్ ఆ చెయ్యి వదలకుండా ఆమెతో కలిసి గేటు దాటింది.