అరువు ఏడుపు

"ఇంకాస్త గట్టిగా ఏడు ఒఫేలియా. చచ్చింది నీ సొంత చెల్లెలనుకో," అన్నాడు ఎవరార్దో, మైకు ఆమె నోటి దగ్గర పెట్టి.

ఒఫేలియా కూరకని నాగజెముడు మట్టల ముళ్ళు గీస్తున్న కత్తి పక్కన పెట్టి ఏడ్చింది. అంట్లు తోమడం ఎలాగో ఈ ఇంట్లో ఇదీ అలాగే. మెక్సికో నగరంలో ఎక్కడ ఎవరు చచ్చినా పోలీసులకన్నా ముందు కెమెరాతో వాలిపోయే మొగుడు దొరికాడామెకు. అతను తెచ్చిన వీడియోలు కత్తిరించి అతికేది ఆమె. శవం చుట్టూ ఏడ్చే దిక్కు లేకపోతే ఏడుపూ ఆమెదే. పేరు మాత్రం అతనిది. కడుపు పోయిన రోజు ఆమె నిజంగా ఏడిస్తే, "ఏంటా గొంతు, ఇరుగుపొరుగు వింటారు," అని అత్త రెఫుహియో నోరు మూయించింది. ఇప్పుడదే గొంతు టీవీలో ఊరంతా వింటుంటే, "మా కోడలు ఎంత బాగా ఏడుస్తుందో," అని సంతలో మురిసిపోతోంది.

"చాలు. మధ్యాహ్నం వార్తలకి పంపేయాలి. అసలు శబ్దం మొత్తం తీసేసి నీ ఏడుపు పెట్టు. అదంతా వినక్కర్లేదు," అంటూ అతను స్నానానికి వెళ్ళాడు.

వినక్కర్లేదన్నాడు కాబట్టే విన్నది.

బస్సు గుద్దిన అమ్మాయి రోడ్డు మీద పడి ఉంది. "అన్నా, అంబులెన్స్ పిలవవా," అంటోంది. "పిలిచానమ్మా, వస్తోంది. మొహం కాస్త ఇటు తిప్పు," అంటున్నాడు ఎవరార్దో ఎంతో మెత్తగా. పెళ్ళైన కొత్తలో తనతోనూ ఇలాగే మాట్లాడేవాడు. ఆ అమ్మాయి చాలాసేపు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. అప్పుడు ఫోన్ కలిపిన చప్పుడు. "హలో, ఇక్కడొక శవం ఉందండీ."

ఇన్నేళ్ళూ తన ఏడుపు కింద ఎంతమంది మాటలు కప్పెట్టిందో ఒఫేలియా. చానెల్ వాళ్ళు ముందుగా వినరు, వచ్చింది వచ్చినట్టే వేసేస్తారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి, వాకిట్లో అత్త పక్కింటివాళ్ళను పిలుస్తోంది. "రండి రండి, మావాడి వీడియో వేస్తున్నారు!"

"పంపావా? ఏడుపు బాగా వినపడుతోందా?"

"నా ఏడుపు తీసేశాను," అంది ఒఫేలియా, టీవీ శబ్దం పెంచుతూ. "ఆ పిల్ల గొంతు వినపడుతుంది. మీదీ వినపడుతుంది."