అట్టలు మిగిలిన పత్రిక

భావనారాయణ కథలను కంప్యూటరులోకి ఎక్కించే పనికి అనంతకృష్ణగారు ఒకే ఒక షరతు విధించారు. వంకర పేజీ ఒక్కటి కూడా ఉండరాదు.

విజయనగరంలో ఇంగ్లీషు అధ్యాపకులుగా పదవీ విరమణ చేసిన ఆయనకు ఆ హక్కు లేదని ఎవరూ అనలేదు. భావనారాయణ ఆయన ప్రాణమిత్రుడు, భౌతికశాస్త్రం బోధించినవాడు. చంద్రుడి మీద ఇంకా ఎవరూ అడుగు పెట్టని రోజులలో, గ్రహాలను గురించీ రాబోయే కాలాలను గురించీ తెలుగులో కథలు రాసి, నెల్లిమర్లలోని ఒక చిన్న ప్రెస్సులో మాసపత్రికగా అచ్చు వేయించాడు. కొన్నేళ్లకు పత్రిక ఆగిపోయింది. కథలు పుస్తకంగా రాలేదు. ఏ గ్రంథాలయంలోనూ ప్రతులు దొరకలేదు. మిగిలిన ఒకే ఒక సెట్టు నెల్లిమర్లలో, భావనారాయణ భార్య లక్ష్మీకామేశ్వరిగారి ఇంట్లో, రేకు పెట్టెలో ఉండేది. మిత్రుడు పోయి ఏడాది దాటింది. ఆ పెట్టెలోని కాగితాలు పొడి అయిపోతే, అతడు రచయిత అనడానికి ఇక ఏ ఆధారమూ ఉండదు.

సాయానికి వచ్చినవాడు భాస్కర్. అనంతకృష్ణగారి పూర్వ విద్యార్థి. కళింగపట్నం వైపు సముద్రంలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలో పుట్టి, ఇప్పుడు ఎచ్చెర్లలో కంప్యూటరు పాఠాలు చెబుతున్నాడు. ఫోనులో తెరుచుకునే ఒక పుస్తకాల అర తయారు చేస్తానన్నాడు. అట్ట మీద వేలు పెడితే కథ వస్తుంది. కథ కింద, చదివినవారు చర్చించుకోవడానికి చోటు ఉంటుంది.

"మాస్టారూ, ముందు ఫోన్‌తోనే పేజీలన్నీ ఫొటోలు తీసేద్దాం. అందంగా సెయ్యడం తరవాత సూసుకుందాం," అన్నాడు.

"ఫోనుతోనా? పెళ్లిలో బూరెలు ఫొటో తీసినట్టా?" అన్నారు అనంతకృష్ణగారు. "నీడలు పడ్డ పేజీలను భావనారాయణ పేరు మీద లోకానికి చూపించను. మంచి స్కానరుకు చెప్పాను, వస్తుంది. ప్రతి పేజీ శుభ్రంగా తీసి, మూలంతో అక్షరం అక్షరం సరిచూసిన తరువాతే పెడదాం."

"వల బాగుసేసుకుంటా కూకుంటే సేప ఆగదంటాడు మా నాన్న."

"చేపలకు మూలప్రతి ఉండదు భాస్కర్."

భాస్కర్ నవ్వేశాడు. అట్టలను ఫోనుతో తీయడానికి మాత్రం మాస్టారి అనుమతి దొరికింది. సంచికలన్నింటి అట్టలూ ఫోనులో వరుసగా అమరాయి. మాస్టారు చూడకుండా, 'నీటి కింది దీపం' అనే కథ మొదటి పేజీ కూడా ఒకటి తీసి, పరీక్షకని లోపల పెట్టుకున్నాడు.

ఆ అరను మొదట చూసినది లక్ష్మీకామేశ్వరిగారే. శుక్లాలు ముదిరిన కళ్లకు ఫోను దగ్గరగా పెట్టుకొని, ఆ రంగు రంగుల అట్టలను వేలితో పైకీ కిందికీ జరిపారు.

"అన్నయ్యగారూ, ఇక ఇవి చెడిపోవు కదా?"

"లోకం ఉన్నంతకాలం చెడిపోవమ్మా," అన్నారు అనంతకృష్ణగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన వీపు మరింత నిటారుగా నిలిచింది.

కార్తీకమాసంలో స్కానరు వచ్చింది. దానిని కారులో పెట్టుకొని ఇద్దరూ నెల్లిమర్ల చేరేసరికి జూటు మిల్లు సైరన్ మోగుతోంది. పెరట్లో రేకు పెట్టె కడిగి, ఎండకు బోర్లించి ఉంది.

అనంతకృష్ణగారు ఆ పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"సోమవారంనాడు చంపావతి ఏటికి స్నానానికి వెళ్లాను అన్నయ్యగారూ," అన్నారు లక్ష్మీకామేశ్వరిగారు, కుర్చీలు దులుపుతూ. "కాగితాలకు చెద పట్టేసింది. ముట్టుకుంటే రాలిపోతున్నాయి. మా ఇంట్లో శిథిలమైన పుస్తకాన్ని చెత్తలో వెయ్యం, పాతసామాన్లవాడికి ఇవ్వం. మామగారు తాటాకు గ్రంథాలకు చేసినట్టే పసుపుగుడ్డలో కట్టి, పసుపూ కుంకుమా వేసి, పారే నీళ్లలో వదిలేశాను. పక్కింటి బుల్లమ్మ మూట మోసింది. అరటిదొప్పలో దీపం కూడా పెట్టాను."

"అన్నీనా అమ్మగారూ?" అన్నాడు భాస్కర్.

"ఒక్కటి ఉంచుకుంటే మాత్రం ఏం లాభం నాయనా? మీరు అన్నీ ఎక్కించేశారు కదా. నేను కళ్లారా చూశాను. పాపం, ఎంత శ్రమపడ్డారో!"

భాస్కర్ నోరు తెరిచాడు. అనంతకృష్ణగారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఒకసారి ఏటి దాకా వెళ్లి వస్తామమ్మా. కార్తీకం కదా," అన్నారు.

చంపావతి నిండుగా లేదు గానీ, కాగితాన్ని తీసుకుపోవడానికి సరిపడా పారుతోంది. భాస్కర్ ప్యాంటు మడిచి మోకాలి లోతు దిగి, ఒడ్డు వెంట రెల్లు దుబ్బుల్లో చేతులు పెట్టి చాలాసేపు వెతికాడు. ఎండిన అరటిదొప్పలు దొరికాయి. ఒక పసుపుగుడ్డ దొరికింది, దానిలో ఎవరివో పూలు ఉన్నాయి.

"నేదు మాస్టారూ. ఏటీ నేదు." ఒడ్డున కూలబడ్డాడు. "ఆ రోజే ఫొటోలు తీసుంటే..."

అనంతకృష్ణగారు వచ్చి అతని పక్కన కూర్చున్నారు.

"మీరు అన్నీ సదివినోరు కదా," అన్నాడు భాస్కర్. "గుర్తున్నంత మీరు సెప్పండి. నేను టైపు సేస్తాను. సగమైనా మిగుల్తాది."

"నాకు గుర్తున్నది రాస్తే అది నా కథ అవుతుంది. దాని మీద అతని పేరు పెట్టడం ఫోర్జరీ. ఆ పని నేను చేయను."

"అయితే ఆవిడకి నిజం సెప్పేద్దామా?"

"ఏమని? నీ భర్త రాసినదంతా నీ చేతులతో నువ్వే ఏట్లో కలిపావనా?"

వారు తిరిగి వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంది. లక్ష్మీకామేశ్వరిగారు చీర మార్చుకొని, గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఎదురుగా కుర్చీ వేసి ఉంది.

"అన్నయ్యగారూ, ఆ 'నీటి కింది దీపం' చదివి పెట్టండి. నాకు అక్షరం ఆనదు. ఆయన రాస్తూ రాస్తూ నాకు నోటితో చెప్పేవారు. అచ్చులో ఎలా ఉందో ఎన్నడూ వినలేదు."

భాస్కర్ ఫోను తెరిచి, ఆ కథ ఉన్న సంచిక అట్ట మీద వేలు పెట్టి అందించాడు. మొదటి పేజీ వచ్చింది. కొద్దిగా వంకరగా, ఒక మూల బొటనవేలి నీడతో. అనంతకృష్ణగారు కళ్లద్దాలు సరిచేసుకొని చదవసాగారు. సముద్రం పెరిగి తీరమంతా మునిగిపోయింది. నీటి అడుగున గాజు ఇళ్లలో ఒక ఊరు మిగిలింది. పైన ఇంకా మనుషులు ఉన్నారో లేదో తెలుసుకోవడానికి, ఆ ఊరి కాపరి గాజు బుడ్డిలో దీపం పెట్టి, తాడు కట్టి పైకి వదులుతాడు.

పేజీ అయిపోయింది. ఆయన వేలు జరిపారు. తెల్లటి తెర వచ్చింది.

"ఊఁ," అన్నారు లక్ష్మీకామేశ్వరిగారు కళ్లు మూసుకొని.

అనంతకృష్ణగారు ఆగలేదు. తెల్లటి తెర వైపు చూస్తూ, అదే గొంతుతో, అదే వేగంతో కొనసాగించారు. కొన్ని మాటలు గుర్తున్నవి. కొన్ని గుర్తున్నట్టు అనిపించినవి. ముగింపు బొత్తిగా గుర్తు రాలేదు. అందువల్ల తనకు తోచినట్టు ముగించారు. కాపరి తాడు లాగాడు. తాడు తేలికగా వచ్చింది. దాని చివర దీపం లేదు.

లక్ష్మీకామేశ్వరిగారు కళ్లు తెరిచారు.

"నాతో వేరేగా చెప్పేవారే. దీపం తిరిగొచ్చేది అన్నయ్యగారూ. ఆరిపోయి వచ్చేది. బుడ్డి మూత తీసి చూస్తే, వత్తిని ఎవరో వేళ్లతో నలిపి ఆర్పిన గుర్తు ఉండేది. పైన మనిషి ఉన్నాడని అప్పుడు ఊరంతా ఏడ్చేవాళ్లు." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "అచ్చుకిచ్చే ముందు మార్చేసి ఉంటారు. నాకు చెప్పనే లేదు చూడండి! పోనీలెండి, అచ్చయిందే అసలు కథ."

అది అసలు కథ కాదని చెప్పడానికి అనంతకృష్ణగారికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం వెనుక చంపావతి ఉంది. ఆయన ఫోనును బోర్లించి ఒడిలో పెట్టుకున్నారు.

"కింద అభిప్రాయం రాయొచ్చన్నావు కదా నాయనా," అన్నారు ఆవిడ భాస్కర్‌తో. "నాది మొదటిది పెట్టు."

భాస్కర్ మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నేల వైపు చూస్తున్నారు. అతడు ఆయన ఒడిలోనుంచి ఫోను తీసుకున్నాడు.

"సెప్పండి అమ్మగారూ."

"దీపం తిరిగి వస్తుందనుకున్నాను అని రాయి. అంతే చాలు. పేరు వద్దు."

అతడు రాశాడు. తెల్లటి పేజీ కింద ఆ ఒక్క వాక్యం నిలిచింది.