ఉతకొద్దన్న చీర

దాలమ్మకు పాత దుప్పటి చుట్టి ఆటోలో కుదేశారు. ఆమె ఒంటి మీది చీరను మాత్రం ఇద్దరు చెరో కొస పట్టుకుని జాగ్రత్తగా మడిచారు.

"ఉతకొద్దు. రేపు ఈ మరక కావాలి" అన్నాడు కాస్ట్యూమ్స్ మనిషి.

నూకమ్మ అది కళ్లారా చూసింది. గమ్హరియాలో మూతపడిన ఫ్యాక్టరీ గేటు ముందు వెబ్ సిరీస్ తీస్తున్నారు. కథ కార్మికుల సమ్మె. గుంపులో నిలబడడానికి బిర్సానగర్ బస్తీలో ఉండే తెలుగు ఆడవాళ్లను తోలుకొచ్చారు. లాఠీచార్జి సీనులో కర్ర నిజంగానే దాలమ్మ తలకు తగిలింది. బోర్లా పడిపోయింది. పారిపోవాల్సిన ఆడవాళ్లు, చెప్పిందంతా మరిచిపోయి, వెనక్కొచ్చి ఆమెను లేవనెత్తారు. ఎంత సహజంగా చేశారని డైరెక్టరు మెచ్చుకున్నాడు. షాటు ఓకే అయింది.

తెల్లారినా దాలమ్మకు తెలివి రాలేదు. తలలో నెత్తురు గడ్డకట్టింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు ఆసుపత్రిలో. గుంపును సప్లై చేసే మురళి సాక్చీ నుంచి బస్తీకి వ్యాన్ వేసుకొచ్చాడు. పరామర్శకు కాదు.

"బాత్రూంలో జారి పడ్డాదని సెప్పండి. షూటింగు మాటెత్తితే మరి నానెవుల్నీ పిలవను. బేగి ఎక్కండి."

"కంపెనీవోలు రారేటి?" అంది నూకమ్మ.

"కంపెనీ బొంబాయిలో ఉంది. ఇక్కడ పని సూసీవోడు రాంచీవోడు. ఆడు నాకిచ్చాడు, నాను మిమ్మల్ని తెచ్చాను. మీకూ కంపెనీకీ ఏటి సమ్మందం?"

ఫౌండ్రీలో మొగుడి చెయ్యి నలిగిన రోజు నూకమ్మ ఇదే మాట విన్నది. కంపెనీ, దాని కింద కాంట్రాక్టరు, వాడి కింద చిన్న కాంట్రాక్టరు. అక్కడ ఇనుము, ఇక్కడ సినిమా. దెబ్బ తగిలేదాకా అందరూ మనవాళ్లే, తగిలాక ఎవరూ మనకేమీ కారు.

"అయితే రాం. ఇంకోల్ని తెచ్చుకో."

"ఎలా తెత్తాను? నిన్న మీ మొకాలు కెమెరాలో పడిపోనాయి. ఇయాల సీనులో దాలమ్మ శవాన్ని మొయ్యాల్సింది అయ్యే మొకాలు." అనేసి మురళి నాలుక కరుచుకున్నాడు.

నూకమ్మ చెవిలో శవమన్న మాటే పడింది. ఆమె కూతురు సోనీ మాత్రం మిగతా మాట పట్టుకుంది. "సునా, మా? హమారే బినా నహీ హోగా." మనం లేకపోతే వాళ్లకు పని జరగదు.

"ఇయాల మొండికేత్తే రేపు పొయ్యెలా ఎలుగుతాదే?" అంది వెనకనుంచి ఒకామె.

"దాలమ్మ పొయ్యి ఇయాల ఎలిగిందేటి?" అంది నూకమ్మ.

ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. వ్యాన్ ఎక్కారు. మురళి గెలిచాననుకున్నాడు.

గేటు దగ్గర దిగి అందరూ నేల మీద కూర్చున్నారు. కూర్చుని పైటలు ముఖాల మీదకు లాక్కున్నారు.

"కంపెనీ మనిషి ఆసుపత్రికి రావాల. షూటింగులో తగిలిన దెబ్బని సెప్పాల. ఆపరేషన్ సేయించాల. అందాకా మా మొకాలు మీకు నేవు" అంది నూకమ్మ.

డైరెక్టరు రాంచీవాడిని చూశాడు. రాంచీవాడు మురళిని చూశాడు. మురళి వెనకొచ్చిన ఇంకో వ్యాన్ వైపు చూశాడు. దాలమ్మ బదులు తెచ్చిన కొత్తమనిషి రోహిణి అప్పుడే దిగుతోంది. బోర్లా పడిన మనిషికి ముఖంతో పనేముంది, చీర చాలు. కాస్ట్యూమ్స్ మనిషి మడత విప్పి అందించాడు.

రోహిణి మరక మీద వేలు పెట్టింది. అట్టకట్టి ఉంది. "రంగేనా?"

"రంగు కాదమ్మా" అంది నూకమ్మ పైట చాటునుంచి. "దాలమ్మ నెత్తురు. దానికింకా తెలివి రానేదు."

రోహిణి వేలు తన కొంగుకు తుడుచుకుంది. ఆమె ఇంట్లో ఏ అవసరం కాచుకుని ఉందో.

"తొరగా కట్టు" అన్నాడు మురళి.

"నువ్వు కట్టు" అంది రోహిణి.

ఆ చీర ఒళ్లో పెట్టుకుని నూకమ్మ పక్కన కూర్చుంది. తన పైట ముఖం మీదకు లాక్కుంది.

మురళి ఫోను తీశాడు. కాసేపటికి దుమ్ము లేపుకుంటూ జీపు వచ్చి ఆగింది. నిన్నటి ఖాకీలే. నిన్నటి లాఠీలే.

"మా, అస్లీ యా నక్లీ?" నిజం పోలీసులా, వేషగాళ్లా అని సోనీ గుసగుసలాడింది.

ముసుగులోంచి నూకమ్మకు బూట్లే కనిపిస్తున్నాయి. దగ్గరకొస్తున్నాయి. పక్కనున్న రోహిణి చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఎవులైతే ఏటే. లెగకండి."