మూత కింద రాహేలమ్మ

నేను ఒక మూతను. నా కింద ఒక మనిషి చిక్కుకుని ఉంది. నీళ్లు ఆమె నడుము దాటాయి. నా మీద జంఖానా, జంఖానా మీద ప్రసంగాలు చెప్పే పుల్పిట్టు, దాని చుట్టూ హోరెత్తే పాటలు. ఆమె అరుపు ఎవరికీ వినిపించడం లేదు.

మా బాప్టిస్టు గుళ్లో బాప్తిస్మమంటే తల మీద నీళ్లు చల్లడం కాదు, మనిషిని నిలువునా ముంచడం. అందుకని వేదిక కిందే మనిషెత్తు సిమెంటు తొట్టి కట్టారు. బాప్తిస్మాలున్న రోజు నన్ను తీస్తారు. మిగతా రోజులు నా మీద నిలబడి, "మీ హృదయాలు తెరవండి" అని ప్రసంగాలు చేస్తారు. నన్ను తెరవాలని మాత్రం ఎవరికీ తోచదు.

పుట్టుకతో నేను మూతను కాను. మిషను బంగళా గోదాముకు తలుపుగా పుట్టాను. నలభై ఏళ్లు ధాన్యం బస్తాలు, పాలపొడి డబ్బాలు నా గడప దాటాయి. బంగళా కూలాక వడ్రంగి షడ్రకు నా బందులు పీకేసి తెచ్చి ఇక్కడ పరిచాడు. తలుపును లోపలివాళ్లయినా తీసుకోవచ్చు. మూతను పైవాళ్లే తీయాలి.

కింద ఉన్నది రాహేలమ్మ. ఆదివారం బాప్తిస్మాలుంటే శుక్రవారం పొద్దున దిగి తొట్టి కడిగేది ఇరవై ఏళ్లుగా ఆమే. చీపురు పట్టకముందు మెట్ల పక్క మూలన మోకరించి, మునగబోయేవాళ్ల పేర్లు ఒక్కొక్కటే లోగొంతుకతో దేవుడికి చెప్పుకుంటుంది. ఇవాళ పదకొండు పేర్లు. ఆరో పేరు దగ్గరుండగా రెండు చేతులు నన్ను లాగి మూసేశాయి.

ఆ చేతులు నాకు తెలుసు. ఆ చేతుల మనిషికి గట్టున బకెట్టు కనిపించింది, మూలనున్న మనిషి కనిపించలేదు. తొంగి చూసే తీరిక లేదు. ఉపవాస ప్రార్థనకు ఒంగోలు నుంచి ప్రసంగీకుడు వస్తున్నాడు. వేదిక మీద గుంట తెరిచి ఉంటే ఏం మర్యాద?

ఆ మనిషే గుడి చూసుకునే ఏలీయాకు కేకేశాడు. "తొట్టి కడగడం అయిపోయిందిరా. మోటారెయ్. ప్రార్థన అయ్యిందాకా కట్టబాక."

రాహేలమ్మ అరిచింది. అప్పటికే కీబోర్డు మొదలైంది. మెట్లెక్కి పిడికిళ్లతో నన్ను గుద్దింది. గుద్దుగుద్దుకీ అదిరాను. నా మీదున్న ఒక పాదం ఆ అదురు గమనించి ఆగింది. చెక్క వదులైందనుకుందో ఏమో, గట్టిగా తొక్కి సర్దింది.

నీళ్లు పై మెట్టునూ ముంచాయి. ఆమె మెడ వంచి ముఖం నాకు ఆనించింది. నీళ్లకూ నాకూ మధ్య జానెడు గాలి మిగిలింది. ఆమె అరవడం మానేసింది. ఆగిపోయిన ప్రార్థనలో ఏడో పేరు అందుకుంది, ఈసారి పైకే.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు నిలిచాయి. మైకు చచ్చింది.

"ఇప్పుడే పోవాలా ఈ దిక్కుమాలిన కరెంటు!" అన్నాడు సంఘ పెద్ద, డీకను ఫిలేమోను.

ప్రసంగీకుడు చేతులెత్తాడు. "ప్రభువా, సాతాను క్రియలను బంధించుము. కరెంటును దయచేయుము!" గుడంతా ఆమెన్ అంది.

కరెంటు రాలేదు. గుడిలో వంద మంది ఆమెన్ కంటే ముందే తొట్టిలోంచి ఒక ప్రార్థన దేవుడి దగ్గరికి చేరింది. కరెంటుతోబాటు గుడి వెనక మోటారూ ఆగింది. అది సాతాను పని అనుకున్నారు వీళ్లు! తమకు అడ్డుపడ్డ ప్రతిదానికీ మనుషులు ముందు ఆ పేరే పెడతారు.

ఆ నిశ్శబ్దంలో రాహేలమ్మ 'యేసయ్యా' అంటూ మళ్లీ నన్ను గుద్దింది. ముందు వరస అవ్వ మార్తమ్మ లేచింది. "అయ్యగారో! వేదిక కింద ఎవరో కొడతన్నారు."

"ఎలకలే అవ్వా, కూకో," అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఎలక 'యేసయ్యా' అంటదంట్రా, సచ్చినోడా?"

పుల్పిట్టు పక్కకు జరిగింది. జంఖానా లేచింది. నన్ను ఎత్తి గోడకు ఆనించారు. నీలం తిరిగిన పెదాలతో, వణుకుతూ రాహేలమ్మ పైకి వచ్చింది. పాస్టరు అయ్యగారు ఆ జంఖానానే ఆమెకు కప్పారు.

ఫిలేమోను పరుగున వెళ్లి ఏలీయా కాలరు పట్టుకున్నాడు. "నీళ్లొదిలింది నువ్వేగా? మూసిందీ నువ్వే! అయ్యగారూ, వీణ్ణి ఇవాళే పంపించెయ్యండి."

"మోటారేశా సార్. మూత జోలికి పోలా."

"ఎవరెయ్యమన్నారు?" అని అడిగారు అయ్యగారు.

ఏలీయా నోరు తెరిచాడు. తన కాలరు మీది చేతిని చూసి మూసుకున్నాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

"వాణ్ణొదులు తమ్ముడూ," అంది రాహేలమ్మ. పళ్లు టకటకమంటున్నాయి. "అయ్యగారూ, కరెంటు తీసిందెవరో నాకు తెలుసు. మూత మూసిందెవరో కూడా తెలుసు. మోటారెయ్యమన్న గొంతు తొట్టిలోకి బాగానే వినపడింది. తనే చెబుతాడేమోనని చూస్తన్నా."

కాలరు మీది పట్టు మెల్లగా సడలింది. ఆ చేతుల మనిషి వచ్చి, తడి జంఖానా అంచు దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తొంగి చూళ్లేదక్కా," అన్నాడు. తర్వాత తల తిప్పి, వెనక వరసలకు కూడా వినపడేలా చెప్పాడు. "మూసింది ఈ ఫిలేమోనే."